అమావాస్య నాటి పరీక్ష

పోయిన వారం కథలో మా మనవరాలు వెన్నెలను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, అది తెర వంక చూస్తుండగా వదిలేసి వచ్చాను. మధ్యలో చేరినవాళ్ళ కోసం ఆ సంగతి ముందు చెప్పేస్తాను. తర్వాత అందరం కలిసి హిందూపురం రైలెక్కుదాం.

మాది ధర్మవరంలో మగ్గాల వీధి. నా కొడుకు మారుతి పట్టుచీరలు నేస్తాడు. కోడలు గంగాదేవి కండెలు చుడుతుంది. వాళ్ళ కూతురు వెన్నెల మాత్రం మగ్గం వదిలేసి, ఎర్రమంచి వైపు కార్ల సీట్లు కుట్టే ఒక కంపెనీలో చేరింది. పెనుకొండలో అమృత అనే తోటి పిల్లతో కలిసి గది తీసుకుని ఉంటూ, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య దూరవిద్యలో డిగ్రీ చదువుతోంది. ఉద్యోగాలు చేసుకునే పిల్లల కోసమని యూనివర్సిటీ వాళ్ళు పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టారు. మీకు వీలైన రోజు, వీలైన గంట మీరే ఎంచుకోండి, ఇంట్లో కూర్చునే రాయండి అన్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి! అయితే ఆ కంప్యూటరుకు కన్నూ ఉంది, చెవీ ఉంది. గదిలో ఇంకో మనిషి కనబడినా, ఏదైనా చప్పుడు వినబడినా హెచ్చరిస్తుంది. ఇంకా ఆగకపోతే పరీక్ష మూసేస్తుంది. పెనుకొండ గదిలో అమృత ఉంటుందని, వెన్నెల మా ఇంట్లోనే కూర్చుని రాసింది. మా వీధిలో తెల్లారితే మగ్గాల మోతే కదా. మొదటిసారి రాసినప్పుడు ఆ మోత విని, ఎవరో పక్కన కూర్చుని జవాబులు అందిస్తున్నారని లెక్కేసి, సగంలోనే పేపరు లాగేసుకుంది.

అందుకే ఈసారి వెన్నెల బాగా ఆలోచించి అమావాస్యను ఎంచుకుంది. అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు. మా గోడకు ఆనుకుని ఉన్న కదిరప్ప షెడ్డులో మరమగ్గాలు కూడా ఆ రోజు ఆడవు. ఈ కదిరప్ప ఎవరంటే, వీధిలో చాలామందికి పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే ఆసామి. ఆయన అన్నీ కట్టేసే రోజు అదొక్కటే. తన షిఫ్టును అమృతకు అప్పగించి, ముందు రోజు సాయంత్రం ఇల్లు చేరి, పొద్దున తలస్నానం చేసి కూర్చుంటే తెర మీద ఏమని వచ్చింది? మీ పరీక్ష నిన్ననే జరిగింది, మీరు హాజరు కాలేదు అని.

నిన్న ఆ గంటకు పిల్ల కుట్టుమిషను ముందు ఉంది. ఈ ఒక్క పరీక్ష గట్టెక్కితే డిగ్రీ. డిగ్రీ చూపించినవాళ్ళను కంపెనీ పర్మనెంటు చేస్తానంటోంది. లేనివాళ్ళకు ఈ ఏటితో కాంట్రాక్టు సరి. ఇంటికొచ్చి మళ్ళీ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టడమే.

ఇక రైలు.

మరునాడు పొద్దున ప్యాసింజరులో నేనూ అదీ ఎదురెదురుగా కూర్చున్నాం. నన్ను రావద్దంది. నేను విననని దానికి తెలుసు. పెనుకొండ కొండ కనబడేసరికి కంపెనీ గేటు దగ్గర నుంచి అమృత ఫోను. ఆ పిల్లది గట్టి గొంతు, బోగీ అంతా వినబడింది.

"వెన్నెలా, సూపర్‌వైజరు అడుగుతాండాడే. ఏం చెప్పాల?"

"కడుపునొప్పని చెప్పు."

"నిన్న అదే చెప్తిని కదే."

"ఇంకా తగ్గలేదని చెప్పు. నా కడుపు, నా ఇష్టం."

పక్క సీటులో ఉన్నామె నవ్వింది. వెన్నెల నవ్వలేదు. దాని పెదవులు బిగిసి ఉన్నాయి. చిన్నప్పుడు ఎవరైనా దాని చేతిలోంచి పలక లాక్కుంటే సరిగ్గా అట్లాగే బిగించేది. ఏడ్చే పిల్ల కాదది, కొరికే పిల్ల.

హిందూపురంలో ఆ స్టడీ సెంటరు ఒక బట్టల షాపు మీద ఉంది. మెట్లు నిటారుగా ఉన్నాయి. కరువు పనులకు పేరు రాయించుకోవడానికి, రేషను కార్డుకు, ముసలివాళ్ళ పింఛనుకు నేను ఎక్కిన మెట్లు ఇన్నీ అన్నీ కావు. పైన కూర్చున్నవాడు తల ఎత్తకుండా మాట్లాడితే ఆ పని కాదని నాకు మెట్ల దగ్గరే తెలిసిపోతుంది. ఇక్కడ కూర్చున్నవాడి పేరు సాయినాథ్. సెంటరుకు పెద్ద ఆయనే. తల ఎత్తలేదు.

"ఏం పాపా, పరీక్షకు రాకుండా ఇప్పుడొస్తే ఏం లాభం?"

"నేను అమావాస్యకు పెట్టుకుంటి సార్. ముందు రోజుకు ఎవరు మార్చినారు?"

"సిస్టమ్ మార్చింటాది."

"సిస్టమ్‌కు అమావాస్య ఎప్పుడొస్తాదో ఎట్ల తెలుసు సార్?"

అప్పుడు తల ఎత్తాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ సిస్టమ్ యాడుండాదో చూపించప్పా, నేను మాట్లాడతా" అన్నాను.

"నీకు అర్థం కాదులే అవ్వా. నువ్వు బయట ఫ్యాను కింద కూర్చో."

"అర్థమయ్యేట్టు చెప్పు మరి. నాకు తిరుగు రైలు సాయంత్రానికి గానీ లేదు."

ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి గడియారాన్నీ చూశాడు. సాయంత్రం దాకా నేను కదలనని అర్థమైనట్టుంది. పెన్ను పక్కన పెట్టాడు.

"చూడు పాపా. అమావాస్య నాడు మేము సెంటరు తెరవం. ఆ రోజు ఏదన్నా తేడా వస్తే ఫోనెత్తేవాళ్ళు ఉండరు. అందుకని ఆ రోజు పెట్టుకున్న వాళ్ళనందరినీ ముందు రోజుకు జరిపినాం. అంతే."

"వీలైన రోజు మీరే ఎంచుకోండి అన్నారు కదా సార్?"

"మీకు వీలైనంత మాత్రాన సరిపోతాదా? మాకు వీలు కావొద్దా?"

ఆ మాటతో పిల్ల మొహం ఎర్రబడింది. నాకూ ఒళ్ళు మండింది గానీ, అది మాట్లాడబోతోందని తెలిసి నోరు మూసుకున్నాను.

"మాకు వీలంటే ఏందో తెల్సునా సార్?" అంది వెన్నెల. గొంతు పెంచలేదు, దానికే భయం వేసింది నాకు. "ఆ ఒక్క రోజు కోసం నా షిఫ్టు కూడా అమృత కుట్టింది. ఆ పిల్ల వేళ్ళు వాచిపోతే కొబ్బరినూనె రాసుకోని పండుకునింది. సూపర్‌వైజరుతో అబద్ధం చెప్పినా. బస్సులో నిలబడి చదివినా, తినేటప్పుడు చదివినా. మా వీధిలో మగ్గాలన్నీ ఆగేది ఆ రోజు ఒక్కటే అని పంచాంగం చూసి మరీ పెట్టుకుంటి. మీరు సెంటరు తెరవమని, ఈడ కూర్చోని ఒక బటన్ నొక్కేస్తిరి. నాకు ఒక ఫోన్ చెయ్యాలని అనిపించలేదు మీకు!"

"ఎవరు చెయ్యలేదు ఫోను?" సాయినాథ్ కూడా లేచాడు. ఇప్పుడు ఆయనకూ కోపం వచ్చింది. "ఊరికే నొక్కితే మారదమ్మా. స్టూడెంటు ఇచ్చిన ఫోనుకు ఓటీపీ వస్తాది. అది చెప్తేనే మారేది. మీ ఇంట్లోనే చెప్పినారు. మేము అడిగే మార్చినాం. కావాలంటే విను, కాలు రికార్డయి ఉండాది."

వెన్నెల కంపెనీలో ఫోను గేటు దగ్గరే లాకరులో పెట్టి లోపలికి పోవాలి. సందేశం ఏదైనా వస్తే తప్పిపోకూడదని పరీక్షల కోసం వాళ్ళ నాయన నంబరు ఇచ్చింది. మంచికే ఇచ్చింది.

సాయినాథ్ కంప్యూటరులో ఏదో నొక్కాడు. ముందు దడ్ దడ్‌మని మగ్గం చప్పుడు వచ్చింది. తర్వాత ఆగింది. ఎవరు ఆపారో, ఎట్లా ఆపారో, మగ్గం పలక మీద చెయ్యి ఎట్లా ఆనించారో కూడా కళ్ళ ముందు కనబడింది నాకు. నేను కన్నవాడు కదా.

"మీ పాప పరీక్ష అమావాస్యకు పెట్టుకునింది. మార్చమంటారా?"

"అమావాస్యకా?" మా మారుతి గొంతు. "ఆ రోజు ఎట్ల సార్? వద్దు వద్దు. మార్చండి సార్."

"ఫోనుకు ఒక నంబరొచ్చింటాది, చెప్పండి."

నా కొడుకు ఒక్కో అంకె కూడబలుక్కుంటూ చెప్పాడు. తప్పు పోకూడదని రెండోసారి కూడా చెప్పాడు. చివర, "మా పాపకు మేలు జరగాల సార్" అన్నాడు. మళ్ళీ మగ్గం మొదలైంది. రికార్డు అయిపోయింది.

నేను అంతసేపూ సాయినాథ్ మీద దాచిపెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గెలిచినట్టే అనుకున్నాడు పాపం.

"పరీక్ష రాసేది నేనా, మా నాయనా?" అంది వెన్నెల.

"పెద్దాయన చెప్పినాడు కదమ్మా, ఇంటి పెద్ద."

"పెద్దాయనే రాయాల్నా అయితే? నా పేరు మీద పరీక్ష, నా ఫోటో, నా సంతకం. నన్ను అడగాల. ఇరవై మూడేండ్లు నాకు. ఓటు వేస్తాండా. మీరు మా నాయనకు అమావాస్య అని చెప్పినారు గానీ, ముందు రోజుకు లాగుతామని చెప్పినారా? విన్నాను కదా ఇప్పుడే. చెప్పలేదు."

ఫోను తీసి యూనివర్సిటీ వాళ్ళ నంబరు కొట్టింది. అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టింది. అవతల పాట మోగుతుండగానే, "విద్యార్థిని అడక్కుండా సెంటరు వాళ్ళు రోజు మార్చినారు, రికార్డు కూడా వాళ్ళ దగ్గరే ఉండాది, అమావాస్యకు సెంటరు మూసేస్తారంట" అని తాను చెప్పబోయే మాటలను సాయినాథ్ మొహం చూస్తూ వల్లె వేసింది.

"ఏయ్ పాపా, పెట్టెయ్, పెట్టెయ్. ఇంత చిన్న దానికి అంత దూరం ఏంటికి?"

"చిన్నదా సార్ ఇది?"

"పెట్టెయ్‌మా, చూస్తా."

వెన్నెల ఫోను పెట్టలేదు. పాట మోగుతూనే ఉంది. ఆయన గబగబా కూర్చుని కంప్యూటరు తెరిచాడు. ఇంతసేపూ సిస్టమ్ చేతుల్లో ఉన్న పని ఇప్పుడు ఆయన చేతుల్లోకి ఎట్లా వచ్చిందని అడుగుదామనుకున్నాను. అడగలేదు. పని కానీ ముందు.

"రేపే ఆఖరి రోజు. పొద్దున పది గంటలకు ఒకటుండాది. అది పోతే ఇంక ఈ ఏడు లేదు."

"పెట్టండి."

"ఈడ సిస్టములు ఖాళీ లేవు. నువ్వు ఇంటి నుంచే రాయాల. ముందు ఫోటో తీసి పంపినావే, ఆ గదిలోనే. ఇంకో చోట కూర్చుంటే చెల్లదు."

"పెట్టండి. ముందు నా ఫోను నంబరు మార్చండి."

నంబరు మారింది. అంకెలు ఈసారి దాని ఫోనుకే వచ్చాయి. చదివి చెప్పింది. అప్పుడు గానీ పాట ఆపలేదు.

మెట్లు దిగుతుంటే నాకు కాళ్ళలో కొత్త బలం వచ్చినట్టుంది. "సాధించినావే!" అన్నాను. షాపులో రెండు సోడాలు తీసుకుందామన్నాను. వెన్నెల సోడా పట్టుకుని తాగకుండా నిలబడింది.

"అవ్వా, రేపు అమావాస్య కాదు కదా."

అవును. రేపు పది గంటలకు మా వీధి దద్దరిల్లుతూ ఉంటుంది.

తిరుగు రైలెక్కాం. ఇంటికొచ్చేసరికి ఎండ వాలిపోయింది. మారుతి ఇంకా మగ్గం మీదే ఉన్నాడు. మమ్మల్ని చూసి పలక ఆపాడు. గుంతలోంచి కాళ్ళు తీయలేదు.

"ఏమాయె?" అన్నాడు.

"నీ గొంతు విన్నా నాయనా" అంది వెన్నెల. "హిందూపురంలో. బాగా రికార్డయ్యింది. మేలు జరగాల సార్ అంటివి కదా, జరిగింది."

మారుతికి అర్థమైంది. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అమావాస్య అని చెప్పిరి. మార్చమంటిని. తప్పా?"

"ఆ రోజు మగ్గాలు ఆడవనే కదా నేను పెట్టుకునింది!"

"అది నాకేం తెలుసు? చేతిలో ఉన్న పనిని కూడా ఆపే రోజు అది, మే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ రోజు మగ్గం నాడె పట్టుకోలేదు. అట్లాంటి రోజు నా బిడ్డ పరీక్ష రాస్తాదంటే ఎట్ల ఊరుకుంటా? అమావాస్య దాటినాంక పెడతారనుకుంటి. ముందుకు లాగుతారని నాకెవరు చెప్పినారు?"

"మరి నేను ఇంటికొచ్చిన సాయంత్రం? పొద్దున పరీక్ష అని బల్ల తుడుస్తాంటే, దీపం పెడ్తాంటే, చూస్తా కూర్చుంటివి కదా! అప్పుడన్నా చెప్పాలని లేదా?"

"చెప్దామనే ఉంటి. నువ్వు పుస్తకంలోంచి తలెత్తితే కదా! నువ్వు మాతో ఏమన్నా చెప్తావా? పెనుకొండలో గది తీసుకునింది చెప్తివా? మగ్గం వద్దనింది నన్ను అడిగితివా?"

"నోరు తెరిచి ఒక్క మాట అడిగింటే నీ నోరు అరిగిపోతుండెనా?" రాట్నం దగ్గర నుంచి గంగాదేవి అంది. నా కోడలు పొద్దుగూకే దాకా మాట్లాడని మనిషి. మాట్లాడిందంటే ఇంట్లో అందరూ ఆగుతారు. "అది నిన్ను అడగలేదని నువ్వు దాన్ని అడగలేదా? ఇద్దరూ ఇద్దరే. పోయేది ఎవరిది? దానిది."

నేనేమీ తక్కువ తినలేదు. కన్న కొడుకని చూడకుండా తిట్టాను. చిన్నప్పుడు వీడికి జ్వరమొస్తే ముదిగుబ్బ దగ్గర మా పల్లె నుంచి ఆసుపత్రి దాకా చంకనెత్తుకుని నడిచిన దాన్ని, అప్పుడు కూడా నీళ్ళు కావాల్నా నాయనా అని అడిగే తాపేదాన్ని. అడగడం అంత కష్టమా? ఆ మాటే అన్నాను. వాడు తల దించుకుని పోగులు సరిచేస్తూ కూర్చున్నాడు.

"రేపు పది గంటలకు నీ మగ్గం ఆగల్ల" అన్నాను.

"నాది ఇప్పుడే ఆపుతా. నాదొక్కటి ఆగితే చాలునా? గోడ అవతల కదిరప్ప షెడ్డు?"

అందరం ఆ గోడ వంక చూశాం. వెన్నెల బల్ల ఉండేది ఆ గోడకు ఇవతలే.

మారుతి గుంతలోంచి లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని ఎవరం అడగలేదు. కొడుకు నడిచిపోతుంటే వెనక నుంచి చూసి, నా కోపం కొంచెం కరిగింది కూడా. తప్పు చేసినవాడు తానే పోయి బతిమాలుకుని వస్తాడు, పోనీ అనుకున్నాను. గంగాదేవి పొయ్యి మీద ఎసరు పెట్టింది. వెన్నెల పుస్తకం తెరిచింది. దీపాలు పెట్టే వేళకు వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కదిరప్ప షెడ్డు కూడా రోజూ లాగే కట్టేశారు.

కాసేపటికి మారుతి వచ్చాడు. వెనకే కదిరప్ప. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతిలో బండి తాళాలు.

"ముత్యాలక్కా, బాగుండావా?" అని నన్ను పలకరించి, పిల్ల వైపు తిరిగాడు. "ఏం పాపా, ఇంత చిన్న సంగతికి మీ నాయన మొహం వేలాడేసుకోని వచ్చినాడే! రేపు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నా షెడ్డు బంద్. వీధిలో నా పట్టు నేసేవాళ్ళందరికీ చెప్తా, వాళ్ళవీ బంద్. అమావాస్య కంటే నిశ్శబ్దంగా ఉంటాది. నువ్వు హాయిగా రాసుకో. సరేనా?"

వెన్నెల లేచి నిలబడింది. రెండు రోజుల తర్వాత దాని మొహంలో వెలుగు చూశాను. "శానా థ్యాంక్స్ మామా" అంది.

"మనలో మనకు థ్యాంక్స్ ఏంది! పరీక్ష అయిపోతానే ఆ కంపెనీ మానేసి వచ్చెయ్. చీరల డిజైన్లకు కంప్యూటరు తెప్పించినా. దాని మీద కూర్చునేదానికి చదువుకున్న మనిషి కావాల. ఊర్లోనే పని, గోడ పక్కనే. జీతం సంగతి నేనూ మీ నాయనా మాట్లాడుకుంటాంలే. మాట ఇచ్చినాడు."



వెన్నెల కదిరప్ప వైపు చూడలేదు. వాళ్ళ నాయన వైపు చూసింది.

"మాట ఇచ్చినావా?"

మారుతి గోడకు ఆనుకున్నాడు. "నీ మేలుకే కదా మే. పరీక్షా రాసినట్టుంటాది, ఇంటి పట్టునా ఉన్నట్టుంటాది."

"పొద్దున నేను హిందూపురం దాకా పోయి అరిచి వచ్చింది దేనికి నాయనా? సాయంత్రానికి మళ్ళా అదే చేసి వస్తివి!"

"పాపా, పెద్దోళ్ళతో అట్ల మాట్లాడొద్దు" అన్నాడు కదిరప్ప.

అప్పుడు తిరిగింది ఆయన వైపు.

"మామా, మీరు నా కోసం షెడ్డు ఆపొద్దు. రేపు పది గంటలకు అన్ని మగ్గాలూ ఆడించుకోండి."

"కోపంలో అంటాండావు. చప్పుడొస్తే పేపరు మూసేస్తాదంట కదా. మీ నాయనే చెప్పినాడు."

"మా నాయన శానా చెప్తాడు. నా సంగతి నేను చెప్తాండా. నేను మీ దగ్గర పనికి వచ్చేది లేదు. ఆ మాట ఎవరిచ్చింటే వాళ్ళనే వచ్చి కూర్చోమనండి కంప్యూటరు మీద."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను, ఆపడానికో, గట్టిగా నిలబెట్టడానికో నాకే తెలియదు. కదిరప్ప నవ్వాడు. నవ్వు మొహంలో సగం దాకే వచ్చి ఆగిపోయింది. బండి తాళాలు జేబులో వేసుకున్నాడు.

"అట్లనే పాపా. నీ ఇష్టం. మనసు మారితే పది లోపల మీ నాయనను పంపు."

"మారితే నేనే వస్తా. నాయనను పంపను."

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. గంగాదేవి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి కూతురి పక్కన నిలబడింది. అంతలో గోడ అవతల ఇనుప షట్టరు పైకి లేచిన చప్పుడైంది. ఒక మరమగ్గం మొదలైంది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత అన్నీ. బల్ల మీద పెట్టిన పెన్ను దొర్లుకుంటూ వచ్చి కింద పడింది.

దీపాలు పెట్టాక కదిరప్ప షెడ్డు ఆడడం నేను ఈ వీధికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా వినలేదు.